ఐదు నిమిషాల హాయి చాలదు: హైబ్రిడ్ సైకిల్‌ను తొక్కి చూసి ఎంచుకునే పద్ధతి

కొత్త సైకిల్ ఎక్కిన మొదటి ఐదు నిమిషాలు ఏ సైకిలైనా హాయిగానే అనిపిస్తుంది. టైర్లలో నిండుగా గాలి ఉంటుంది, చైన్ చప్పుడు లేకుండా తిరుగుతుంది, సీటు మెత్తగా తగులుతుంది. చాలామంది ఆ ఐదు నిమిషాల అనుభవంతోనే నిర్ణయానికి వచ్చేస్తారు. రోడ్డు సైకిల్‌కూ మౌంటెన్ సైకిల్‌కూ మధ్యరకమైన హైబ్రిడ్ సైకిల్‌ను మొదటిసారి నేనూ అలాగే కొన్నాను. బొటనవేలితో నొక్కితే లోపలికి దిగిపోయేంత మెత్తని జెల్ సీటు చూసి, ఇంతకంటే సుఖమైనది ఉండదనుకున్నాను. ముప్పావు గంట తొక్కేసరికి రెండు చేతుల చిటికెన వేళ్లూ తిమ్మిరెక్కేవి, సీటు మీద ఎటు సర్దుకు కూర్చున్నా నొప్పి తగ్గేది కాదు. మెత్తని సీటులో కూర్చునే ఎముకలు మునిగిపోయి, వాటి నడుమనున్న సున్నితమైన భాగం మీద ఒత్తిడి పడుతోందనీ, హ్యాండిల్ నాకు అందవలసిన దానికంటే దూరంగా ఉండడంతో ఒంటి బరువు అరచేతుల మీదికి జారుతోందనీ తెలుసుకోవడానికి చాలా నెలలు పట్టింది.

సైకిల్ మీద హాయి అంటే మెత్తదనం కాదు. మన బరువును సీటు, చేతులు, పాదాలు ఎలా పంచుకుంటున్నాయి, రోడ్డు అదురును టైర్లు ఎంతవరకు మింగుతున్నాయి అన్న రెండు విషయాల మీదే అది ప్రధానంగా ఆధారపడి ఉంటుంది. ఈ రెండూ మీ శరీరానికి, మీరు తిరిగే దారికి సరిపోయాయో లేదో మీరు రోజూ తొక్కబోయే దూరంలో కనీసం సగమైనా తొక్కి చూస్తేనే తెలుస్తుంది.

## ముందుగా తేల్చుకోవలసిన ప్రమాణాలు

కూర్చునే భంగిమ. అన్నింటికంటే ముఖ్యమైనది ఇదే. హ్యాండిల్ సీటు కంటే ఎత్తుగా, దగ్గరగా ఉంటే వెన్ను నిటారుగా ఉంటుంది. చేతుల మీద బరువు దాదాపు పడదు, తల ఎత్తకుండానే చుట్టూ చూడవచ్చు. అయితే బరువంతా సీటు మీద పడుతుంది, గతుకు తగిలిన ప్రతిసారీ ఆ దెబ్బ నేరుగా వెన్నెముకకు చేరుతుంది, ఎదురుగాలిలో శరీరం తెరచాపలా అడ్డు నిలుస్తుంది. హ్యాండిల్ కిందకు, ముందుకు జరిగేకొద్దీ నడుము ముందుకు వంగి బరువు చేతులకూ పాదాలకూ పంచుకుంటుంది. గతుకు వచ్చినప్పుడు సీటు మీద నుంచి కొద్దిగా లేవడం తేలికవుతుంది. గాలి తక్కువ అడ్డుతుంది. దీనికి బదులుగా మెడ, మణికట్లు, అరచేతులు కొంత భారం మోయవలసి వస్తుంది. నిటారుగా కూర్చోవడమే హాయి అని చాలామంది అనుకుంటారు కానీ, అది అరగంట లోపు ప్రయాణాలకు వర్తించినంతగా గంట దాటిన ప్రయాణాలకు వర్తించదు.

సీటు ఎంపిక కూడా ఈ భంగిమతోనే ముడిపడి ఉంది. నిటారుగా కూర్చున్నప్పుడు కటి ఎముకల వెనుక భాగం సీటుకు ఆనుతుంది, అక్కడ ఎముకల మధ్య దూరం ఎక్కువ కనుక వెడల్పాటి సీటు కావాలి. ముందుకు వంగినప్పుడు ఆనే చోటు ముందుకు జరుగుతుంది, అక్కడ ఆ దూరం తక్కువ కనుక సన్నని సీటే సుఖం. ఒకరికి ఒక సైకిల్ మీద నచ్చిన సీటును వేరే భంగిమ ఉన్న సైకిల్‌కు బిగిస్తే బాధ పెట్టడానికి కారణం ఇదే.

టైరు వెడల్పు. హాయి విషయంలో ఫ్రేమ్ ఏ లోహంతో చేసిందన్న దానికంటే టైరు వెడల్పు, అందులోని గాలి ఒత్తిడి ఎక్కువ తేడా చూపుతాయి. ఫ్రేమ్ అల్యూమినియమా, ఉక్కా, కార్బనా అన్న చర్చకు వెచ్చించే సమయంలో సగం టైర్లకు వెచ్చిస్తే మేలు. వెడల్పాటి టైరులో గాలి పరిమాణం ఎక్కువ కనుక తక్కువ ఒత్తిడితో కూడా అది రిమ్ వరకు నలగకుండా బరువు మోస్తుంది. సుమారు 75 కిలోల మనిషికి 32 మి.మీ. టైరులో 60 నుంచి 70 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలమానం) అవసరమైతే, 40 మి.మీ. టైరులో 40 నుంచి 50 సరిపోతుంది. టైరు పక్కన ముద్రించిన కనిష్ఠ, గరిష్ఠ పరిమితుల మధ్యనే ఉండాలన్నది మాత్రం మరువకూడదు. నున్నటి రోడ్డు మీద తిరిగేవారికి 32 మి.మీ. చాలు, గతుకులు, కంకర, అతుకుల రోడ్లయితే 38 నుంచి 45 మి.మీ. వరకు చూసుకోవాలి. ఫ్రేమ్, ఫోర్క్ (ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టి ఉంచే భాగం) ఎంత వెడల్పు టైరుకు చోటిస్తాయో కూడా అడిగి తెలుసుకోండి. ఆ చోటు తరువాత పెంచుకోగలిగేది కాదు.

సైజు. స్మాల్, మీడియం, లార్జ్ అనే పేర్లను నమ్మలేము. ఒక కంపెనీ మీడియం మరో కంపెనీ మీడియం కంటే రెండు మూడు సెంటీమీటర్లు పొడవుగా ఉండవచ్చు. పోల్చి చూడవలసినవి రెండు కొలతలు: పెడళ్ల కాడలు తిరిగే నడిమి ఇరుసు నుంచి ఫ్రేమ్ ముందు గొట్టం పైకొస వరకు నిలువుగా ఉన్న ఎత్తును స్టాక్ అంటారు, అదే రెండు బిందువుల మధ్య అడ్డంగా ఉన్న దూరాన్ని రీచ్ అంటారు. స్టాక్ ఎక్కువ, రీచ్ తక్కువ అయితే నిటారు భంగిమ. తారుమారైతే వంగిన భంగిమ. కంపెనీలు ఈ కొలతల పట్టికను ప్రచురిస్తాయి, కాబట్టి దుకాణానికి వెళ్లకముందే సగం వడపోత ఇంట్లోనే చేసుకోవచ్చు.

గేర్లు. మొత్తం ఎన్ని గేర్లున్నాయన్నది కాదు, అతి తేలికైన గేరు ఎంత తేలిక అన్నది చూడాలి. ముందు పళ్లచక్రానికి 28 పళ్లు, వెనుకదానికి 34 పళ్లు ఉన్న జతలో పెడల్ ఒక్క చుట్టుకు సైకిల్ దాదాపు 1.8 మీటర్లు కదులుతుంది; నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు ఆరున్నర కిలోమీటర్ల వేగంతో ఎత్తు ఎక్కవచ్చు. ముందు ఒకే పళ్లచక్రం 40 పళ్లతో, వెనుక 36 పళ్లతో ఉంటే అదే 60 చుట్లకు గంటకు 8.7 కిలోమీటర్ల వేగం నిలుపుకోవాలి. మీ దారిలో నిట్టనిలువు ఎత్తు ఉంటే ఈ తేడా మోకాళ్లకు తెలుస్తుంది. సమతల ప్రాంతమైతే ముందు ఒకే పళ్లచక్రం ఉన్న సైకిల్ వాడకానికి సులువు, మరమ్మతులు తక్కువ.

బరువు. దీనికి జనం ఇచ్చే ప్రాధాన్యం అవసరమైన దానికంటే ఎక్కువ. 75 కిలోల మనిషి 12 కిలోల సైకిల్ మీద ఎత్తు ఎక్కడానికీ 15 కిలోల సైకిల్ మీద ఎక్కడానికీ మొత్తం బరువులో తేడా సుమారు మూడున్నర శాతమే. అయితే సైకిల్‌ను రోజూ మెట్ల మీదుగా మోసుకెళ్లేవారికి ఆ మూడు కిలోలు నిజంగా బరువే.

## నాలుగు రకాలు, వాటి లాభనష్టాలు

రోడ్డు సైకిల్‌కూ మౌంటెన్ సైకిల్‌కూ మధ్యస్థంగా వచ్చినది హైబ్రిడ్. ఆ మధ్యలో చోటు చాలా ఉంది కనుక, ఒకే పేరుతో నాలుగు వేర్వేరు స్వభావాల సైకిళ్లు అమ్ముడవుతున్నాయి.

| ప్రమాణం | ఫిట్‌నెస్ హైబ్రిడ్ | కంఫర్ట్ హైబ్రిడ్ | డ్యుయల్ స్పోర్ట్ | సిటీ సైకిల్ |
|---|---|---|---|---|
| భంగిమ | ముందుకు వంగినది | నిటారు | మధ్యస్థం | పూర్తి నిటారు |
| టైరు | 28–38 మి.మీ. | 38–47 మి.మీ. | 38–50 మి.మీ. | 35–50 మి.మీ. |
| సుమారు బరువు | 10–12 కిలోలు | 13–15 కిలోలు | 13–15 కిలోలు | 15–20 కిలోలు |
| సుఖమైన ప్రయాణ కాలం | గంట, ఆపైన | అరగంట నుంచి గంట | గంట వరకు | అరగంట లోపు |
| ఎత్తు ఎక్కడం | తేలిక | ఓ మాదిరి | ఓ మాదిరి | కష్టం |

ఫిట్‌నెస్ హైబ్రిడ్. ట్రెక్ ఎఫ్ఎక్స్, జెయింట్ ఎస్కేప్, స్పెషలైజ్డ్ సిర్రస్, క్యానన్‌డేల్ క్విక్ ఈ కోవకు చెందినవి. 700సి చక్రాలు (రోడ్డు సైకిళ్లకు వాడే పెద్ద సైజు), తిన్నని హ్యాండిల్, సాధారణంగా షాక్ అబ్జార్బర్ లేని ఫోర్క్ ఉంటాయి. పెడల్ మీద పెట్టిన బలం వృథా కాకుండా ముందుకు లాగుతుంది, గంటకు 20 కిలోమీటర్లు దాటిన వేగంలో ఈ సైకిల్ సుగుణం స్పష్టంగా తెలుస్తుంది. తిన్నని హ్యాండిల్ మీద చేతులు పెట్టుకునే చోటు ఒక్కటే కావడం దీని ప్రధాన లోపం. గంట దాటితే అరచేయి ఒకే చోట నలుగుతుంది. వెడల్పాటి అరచేతి ఆసరా ఉన్న గ్రిప్పులు వేయించుకుంటే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. గతుకు రోడ్లలో తిరిగేవారు ఈ రకంలో 28 మి.మీ. టైర్లున్నదాన్ని వదిలి, 35 దాటిన వాటికి చోటున్నదాన్ని వెతకడం మంచిది.

కంఫర్ట్ హైబ్రిడ్. ట్రెక్ వెర్వ్, జెయింట్ సైప్రెస్ వంటివి. వెనక్కి వంగిన ఎత్తైన హ్యాండిల్, వెడల్పు సీటు, కొన్నింటిలో సీటు గొట్టంలోనే స్ప్రింగు ఉంటాయి. ఎన్నో ఏళ్ల తరువాత మళ్లీ సైకిల్ ఎక్కుతున్నవారికి మొదటి రోజే ధైర్యం కలిగించే సైకిల్ ఇది. వెనక్కి వంగిన హ్యాండిల్‌తో మణికట్టు తన సహజ కోణంలో ఉంటుంది, కాబట్టి మణికట్టు నొప్పి ఉన్నవారు తిన్నని హ్యాండిల్‌తో పాటు దీన్ని కూడా తప్పక తొక్కి పోల్చుకోవాలి. ఎదురుగాలిలో, పొడవైన ఎత్తులలో మాత్రం శ్రమ పెరుగుతుంది. చాలాసేపు తొక్కితే పిరుదుల మీద భారం తెలుస్తుంది.

సస్పెన్షన్ ఫోర్క్ ఉన్న డ్యుయల్ స్పోర్ట్. జెయింట్ రోమ్ తరహా సైకిళ్లు. చాలా మోడళ్లలో ముందు ఫోర్క్ 60 మి.మీ. అటూఇటూగా కుంగుతుంది. చూడగానే ఇదే అన్నింటికంటే సుఖమైనదని అనిపించడం సహజం, కానీ నాకు దీని మీద అభ్యంతరం ఉంది. ముందు ఫోర్క్ చేతులకు తగిలే దెబ్బను తగ్గిస్తుంది తప్ప సీటు కింద పడే దెబ్బకు అది చేయగలిగింది ఏమీ లేదు. వెడల్పాటి టైర్లు రెండు చోట్లా పనిచేస్తాయి. స్ప్రింగుతో పనిచేసే సామాన్యమైన ఫోర్క్ ఒక కిలోకు మించి బరువు పెంచుతుంది, పెడల్ మీద లేచి నిలబడి తొక్కినప్పుడు కిందకీ పైకీ ఊగి బలాన్ని కొంత తినేస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ శుభ్రం చేయించకపోతే బిగుసుకుపోతుంది. నిజంగా రాళ్లదారులలో, చెట్ల వేళ్లు లేచిన బాటలలో వారానికి ఒకటి రెండుసార్లయినా తిరిగేవారికి ఇది పనికివస్తుంది. రోడ్డు గతుకుల కోసమే అయితే ఫోర్క్‌కు అయ్యే ఖర్చును మంచి టైర్ల మీద పెట్టడమే నా సలహా.

సిటీ సైకిల్. కాలు పైకెత్తకుండా ఎక్కగల వంపు ఫ్రేమ్, మడ్‌గార్డులు, క్యారియర్, చైన్ కవరు, తరచుగా చక్రం ఇరుసులోనే దాగిన గేర్లు వీటి ప్రత్యేకతలు. షిమానో నెక్సస్ 8 వంటి ఇరుసు గేర్లను ఆగి ఉన్నప్పుడు కూడా మార్చవచ్చు. సిగ్నళ్ల దగ్గర మాటిమాటికీ ఆగే దారిలో ఆ సౌకర్యం ఎంతో విలువైనది. వానకూ దుమ్ముకూ అవి తేలికగా చెడవు. వెనుక టైరు పంక్చరైతే చక్రం విప్పడం మాత్రం కాస్త పెద్ద పని. ఎలెక్ట్రా టౌనీ లాంటి సైకిళ్లలో పెడళ్లను సీటుకు బాగా ముందుకు జరుపుతారు, దాంతో సీటు మీద కూర్చునే రెండు పాదాలనూ నేలకు పూర్తిగా ఆనించవచ్చు, తొక్కేటప్పుడు కాలు కూడా సరిగ్గా సాగుతుంది. పడిపోతామన్న భయం ఉన్నవారికి ఇది పెద్ద ఊరట. పెడల్ మీద లేచి నిలబడడానికి వీలు కుదరదు కనుక ఎత్తు వచ్చినప్పుడు దిగి నడవవలసి రావచ్చు.

## టెస్ట్ రైడ్ ఎలా చేయాలి

రెండు సైకిళ్లను పోల్చేటప్పుడు అసలు పోల్చవలసింది సైకిళ్లను, వాటి బిగింపును కాదు. ఒకదాని సీటు సరైన ఎత్తులో ఉండి, రెండోదాని సీటు మూడు సెంటీమీటర్లు కిందకు ఉంటే రెండోది ఎంత మంచిదైనా బరువుగానే అనిపిస్తుంది. అందుకే ఎక్కడానికి ముందే మూడు పనులు చేయించుకోవాలి.

మొదటిది సీటు ఎత్తు. గోడను పట్టుకుని సీటు మీద కూర్చుని, మడమను పెడల్ మీద పెట్టి కిందకు తొక్కితే కాలు నిటారుగా సాగాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కినప్పుడు మోకాలి దగ్గర చిన్న వంపు మిగులుతుంది. నేలకు పాదాలు పూర్తిగా ఆనాలన్న కోరికతో సీటు దించితే మోకాళ్లు అనవసరంగా శ్రమిస్తాయి. రెండవది టైర్ల గాలి. ప్రదర్శనలో ఉన్న సైకిళ్లలో గాలి ఒక్కోదానిలో ఒక్కోలా ఉంటుంది. గేజి ఉన్న పంపుతో మీ బరువుకు తగినంత కొట్టించండి. గట్టిగా గాలి నింపిన మంచి టైరు చెడ్డదిగా, సగం గాలి ఉన్న చెడ్డ టైరు మెత్తనిదిగా అనిపించే అవకాశం చాలా ఉంది. మూడవది బ్రేకు లివరు. చూపుడు వేలు, మధ్య వేలు చాచకుండానే అందేలా దాన్ని దగ్గరకు జరపడానికి చాలా లివర్లకు చిన్న స్క్రూ ఉంటుంది. చిన్న చేతులవారు దీన్ని అడిగి చేయించుకోవాలి.

అన్ని సైకిళ్లనూ ఒకే దారిలో, ఒకే రోజు, మీరు మామూలుగా వేసుకునే బట్టలు, చెప్పులు లేదా బూట్లతోనే తొక్కండి. ఆ దారిలో కొంత నున్నటి రోడ్డు, కొంత గతుకు, ఒక ఎత్తు, ఒక ఇరుకు మలుపు ఉండాలి. ఒక్కో సైకిల్ మీద కనీసం 20 నిమిషాలు గడపాలి. చివరికి మిగిలిన రెండింటి మీద 40 నిమిషాలైనా తొక్కనివ్వమని అడగడానికి మొహమాటపడకండి. దుకాణం ఒప్పుకోకపోతే అదే మోడల్ అద్దెకు దొరుకుతుందేమో, తెలిసినవారి దగ్గర ఉందేమో చూడండి. ఏళ్ల తరబడి వాడబోయే వస్తువు విషయంలో ఇది న్యాయమైన కోరికే.

తొక్కుతున్నప్పుడు ప్రతి పది నిమిషాలకూ ఒకసారి శరీరాన్నే ప్రశ్నించండి. హ్యాండిల్ మీద నుంచి వేళ్లను కొద్దిగా ఎత్తి పియానో వాయించినట్టు కదిలించగలుగుతున్నారా? లేకపోతే చేతుల మీద బరువు ఎక్కువగా పడుతోందన్నమాట. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కితే అరచేతి బయటి అంచున ఉన్న నరం నలుగుతోంది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు అయితే మణికట్టు మధ్య నుంచి వెళ్లే నరం. మొదటిదానికి గ్రిప్పు మార్పు, రెండోదానికి మణికట్టు కోణం మార్పు సాధారణంగా ఉపశమనం ఇస్తాయి. మీకు తెలియకుండానే సీటు మీద ముందుకు జారుతూ ఉంటే హ్యాండిల్ దూరమైంది. మోకాళ్లు చేతులకు తగిలేంత దగ్గరకు వస్తే ఫ్రేమ్ చిన్నదైంది.

ఇరుకు మలుపులో నెమ్మదిగా తిరుగుతూ పాదం వేళ్లు ముందు చక్రానికి తగులుతున్నాయా అని చూడండి. చిన్న ఫ్రేమ్‌కు 700సి చక్రాలు వేసినప్పుడు ఈ సమస్య తరచుగా వస్తుంది, మడ్‌గార్డు బిగిస్తే మరింత పెరుగుతుంది. క్యారియర్‌కు సంచులు తగిలించే ఉద్దేశం ఉంటే మడమకు వెనుక ఎంత ఖాళీ ఉందో కూడా చూసుకోవాలి. కొత్త డిస్క్ బ్రేకులు మొదట్లో కాస్త మందంగా పట్టుతాయి, కొన్ని పదుల సార్లు ఆపిన తరువాతే ప్యాడ్‌లు సర్దుకుని పూర్తి పట్టు వస్తుంది. అందువల్ల ఆ ఒక్క కారణంతో సైకిల్‌ను తిరస్కరించవద్దు. తీగకు బదులు ద్రవం ఒత్తిడితో పట్టే హైడ్రాలిక్ బ్రేకులు వేళ్ల బలం తక్కువైనా పనిచేస్తాయి, తీగతో లాగే డిస్క్ బ్రేకులను ఎక్కడైనా బాగుచేయించుకోవచ్చు. వేళ్లలో కీళ్ల నొప్పి ఉన్నవారికి మాత్రం నేను సందేహించకుండా హైడ్రాలిక్‌నే సూచిస్తాను.

## ఎవరికి ఏది

రోజూ ఏడెనిమిది కిలోమీటర్లు పనికి వెళ్లివచ్చేవారు, దారి ఓ మాదిరిగా ఉంటే, 38 మి.మీ. టైర్లకు చోటున్న ఫిట్‌నెస్ హైబ్రిడ్‌ను తీసుకుని హ్యాండిల్‌ను కొంచెం ఎత్తు చేయించుకోవడం ఉత్తమం. దూరం మూడు కిలోమీటర్ల లోపై, మధ్యలో ఎన్నోసార్లు ఆగవలసి ఉంటే సిటీ సైకిల్‌కు మించినది లేదు.

నడుము నొప్పి ఉన్నవారి విషయం ఇంత తేలికగా తేలదు. కొందరికి వంగితే నొప్పి, కొందరికి నిటారుగా కూర్చున్నప్పుడు తగిలే కుదుపుతో నొప్పి. మొదటివారికి కంఫర్ట్ హైబ్రిడ్. రెండోవారికి కొద్దిగా వంగిన భంగిమ, వెడల్పు టైర్లు, స్ప్రింగున్న సీటు గొట్టం. తమది ఏ తరహా నొప్పో తెలియనివారు రెండు రకాలనూ ఒక రోజు విరామంతో తొక్కి, మరుసటి ఉదయం లేచినప్పుడు నడుము ఎలా ఉందో చూసుకోవాలి. తొక్కుతున్నప్పటి భావన కంటే అదే నమ్మదగిన సాక్ష్యం.

పొట్టివారికి 700సి కంటే చిన్నదైన 650బి చక్రం చాలాసార్లు బాగా నప్పుతుంది. మొదటిదాని రిమ్ వ్యాసం 622 మి.మీ., రెండోది 584. తుంటి కీళ్లు బిగుసుకుపోయినవారు, వెనుక పిల్లలను కూర్చోబెట్టుకునేవారు ఏ రకాన్ని ఎంచుకున్నా వంపు ఫ్రేమ్‌లోనే తీసుకోవాలి. బరువు ఎక్కువ ఉన్నవారు సైకిల్ గరిష్ఠంగా ఎంత భారం మోస్తుందని కంపెనీ చెప్పిందో, ఆ లెక్కలో సామాను కూడా కలిసి ఉందో లేదో చూసి, వెనుక చక్రానికి 32 లేదా 36 స్పోకులున్న సైకిల్‌ను ఎంచుకోవడం మేలు.

రెండు సైకిళ్ల మధ్య తేల్చుకోలేకపోతే, తరువాత మార్చుకోలేనివి దేనిలో బాగున్నాయో చూడండి. సీటు, గ్రిప్పులు, టైర్లు, పెడళ్లు సులువుగా మారుతాయి. హ్యాండిల్‌ను ఫోర్క్‌కు కలిపే స్టెమ్ కిందకు వంగి ఉంటే, దాన్ని తిరగేసి బిగిస్తే, దాని కోణాన్ని బట్టి, హ్యాండిల్ సుమారు 2 సెంటీమీటర్లు పైకి వస్తుంది. పొట్టి స్టెమ్‌తో మరికొంత దగ్గరకు వస్తుంది. ఫ్రేమ్ పొడవు, టైరుకున్న చోటు, మడ్‌గార్డుకూ క్యారియర్‌కూ కావలసిన స్క్రూ రంధ్రాలు మాత్రం కొన్న రోజున ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. సీటు నచ్చక ఫ్రేమ్ నచ్చిన సైకిల్‌ను తీసుకోవచ్చు; సీటు నచ్చి ఫ్రేమ్ నప్పని సైకిల్‌ను తీసుకోకూడదు.

కొన్నాక సీటు గొట్టం మీద ప్రస్తుత ఎత్తు దగ్గర చిన్న టేపు ముక్క అతికించి, మొదటి రెండు వారాలు అర సెంటీమీటరు చొప్పున పైకీ కిందకీ మార్చి చూడండి. ఒకేసారి రెండు మార్పులు చేస్తే హాయి దేనివల్ల వచ్చిందో తెలియదు. ఈ కాలంలోనే గేరు తీగలు కొంత వదులవుతాయి, స్పోకులు సర్దుకుంటాయి. నెలన్నర లోపు ఒకసారి సైకిల్‌ను దుకాణానికి తీసుకెళ్లి గేర్లు, చక్రాలు, హ్యాండిల్ బిగింపు సరిచేయించుకోండి. మీరు ఖాయం చేసుకున్న సీటు ఎత్తు, టైర్ల గాలి ఒత్తిడి అప్పటికి ఒక కాగితం మీద రాసి ఉంటే, పని పూర్తయ్యాక అవి అలాగే ఉన్నాయో లేదో అక్కడే చూసుకోవచ్చు.